వాటా తగ్గింది, బరువు తగ్గలేదు: దేశ ఆర్థికంలో సేద్యం చోటు

1979లో వానలు మొహం చాటేశాయి. పంటలు ఎండిపోయాయి. ఆ ఏడాది దేశం మొత్తం ఉత్పత్తి 5.2 శాతం పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2009లో, అంతకంటే పెద్ద కరవు వచ్చింది. నైరుతి రుతుపవనాల వాన మామూలు కంటే 22 శాతం తగ్గింది. 1972 తర్వాత అంత తక్కువ వాన దేశం చూడలేదు. అయినా 2009-10లో దేశ ఉత్పత్తి 7 శాతానికి పైగా పెరిగింది. పొలాలు బీటలు వారిన ఏడాదిలోనే ఫ్యాక్టరీలు, ఆఫీసులు, దుకాణాలు ముందుకు సాగిపోయాయి.

ఈ రెండు కరవులను పక్కపక్కన పెట్టి, భారతదేశంలో వ్యవసాయం ప్రాధాన్యం పోయిందని తేల్చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. లెక్క పైపైన చూస్తే అలాగే కనిపిస్తుంది. 1950-51లో దేశ ఆదాయంలో సగానికి పైగా సేద్యం నుంచే వచ్చేది. ఇప్పుడు పాడి, చేపలు, అడవి సంపద అన్నీ కలుపుకొన్నా ఆ వాటా 18 శాతం దగ్గర ఉంది. కానీ 2020 ఏం చూపించిందో గుర్తు చేసుకోవాలి. లాక్‌డౌన్‌తో దేశం మూతపడింది, 2020-21లో మొత్తం ఆర్థిక వ్యవస్థ దాదాపు 6 శాతం కుంచించుకుపోయింది. ఆ ఏడాది కూడా వ్యవసాయం 4 శాతం పెరిగింది. పట్నాల్లో పని పోయి, వందల కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరినవాళ్లకు తిండి పెట్టింది, ఏదో ఒక పని చూపించింది కూడా ఊరే. 2018-19లో దేశంలో పనిచేసేవాళ్లలో 42.5 శాతం మంది సేద్యంలో ఉంటే, 2020-21 నాటికి అది 46.5 శాతానికి పెరిగింది. పరిస్థితులు కుదుటపడ్డాక వాళ్లంతా వెనక్కి వెళ్లిపోతారని అనుకున్నారు. 2023-24లో కూడా ఆ సంఖ్య 46.1 శాతంగానే ఉంది.

అంటే సేద్యం తెచ్చే ఆదాయంలో వాటా తగ్గింది గానీ, అది మోసే మనుషుల బరువు తగ్గలేదు. ఈ దేశంలో వ్యవసాయం గురించి మిగతా ఏది మాట్లాడుకోవాలన్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

లెక్కను చిన్నది చేసి చూద్దాం. దేశాన్ని వంద మంది పనిచేసే ఒక ఊరు అనుకుందాం. ఊరందరి సంపాదన కలిపి వంద రూపాయలు. పొలంలో పనిచేసే 46 మంది వాటాకు వచ్చేది 18 రూపాయలు, మిగతా 54 మందికి 82 రూపాయలు. తలకు పంచితే పొలంలో ఉన్న మనిషికి 39 పైసలు, బయట ఉన్న మనిషికి రూపాయిన్నర. దాదాపు నాలుగు రెట్ల తేడా. పొలంలో ఉన్నవాళ్లు తక్కువ కష్టపడుతున్నందువల్ల వచ్చిన తేడా కాదిది. ఇద్దరు చేయగల పనిని నలుగురు పంచుకోవడం వల్ల వచ్చింది. ఇంట్లో ఇంకొక మనిషికి పని దొరక్కపోతే ఆ మనిషి కూడా అదే రెండెకరాల్లో దిగుతారు. పంట పెరగదు, పంచుకునే చేతులు పెరుగుతాయి. ఖాళీలు లేవని పొలం ఎవరినీ వెనక్కి పంపదు.

ఇవాళ పెద్ద ఆర్థిక వ్యవస్థలు అనిపించుకున్న దేశాలన్నీ ఈ దశ దాటే వచ్చాయి. చైనాలో 1978 నాటికి నూటికి 70 మంది పొలాల్లోనే ఉండేవారు, ఇప్పుడు పాతిక మంది కూడా లేరు. అక్కడ ముందు భూమిని కుటుంబాలకు కౌలు ఒప్పందాల మీద ఇచ్చారు, పంట పెరిగింది, పల్లెల చేతిలో డబ్బు ఆడింది, ఆ పల్లెల దగ్గరే చిన్న ఫ్యాక్టరీలు లేచి మనుషుల్ని పనిలోకి తీసుకున్నాయి. భారతదేశం ఆ మధ్య మెట్టును దాటేసి నేరుగా సేవల రంగంలోకి అడుగుపెట్టింది. హైదరాబాద్ ఐటీ కంపెనీలో చేరాలంటే డిగ్రీ కావాలి, ఇంగ్లీషు కావాలి. పదో తరగతితో ఆగిపోయిన పాలమూరు కుర్రాడికి అక్కడ దొరికేది ఆ కంపెనీ భవనం కట్టే పని. దేశంలో ఫ్యాక్టరీ పనుల్లో ఉన్నవాళ్లు నూటికి 11, 12 మంది దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయారు. సేద్యం నుంచి బయటికి వచ్చినవాళ్లను చాలావరకు భవన నిర్మాణం, ఆటోలు, చిన్న దుకాణాలు తీసుకున్నాయి. వీటిలో ఏదీ గట్టి ఆసరా కాదు. అందుకే ఒక్క దెబ్బ తగలగానే జనం మళ్లీ పొలం దారి పట్టారు.

ఇంతమందిని మోస్తున్న పొలం ఎంత పెద్దది? 1970-71 వ్యవసాయ గణనలో సగటు కమతం, అంటే ఒక రైతు సాగు చేసే భూమి, 2.28 హెక్టార్లు. 2015-16 నాటికి 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాల పైన కొంచెం. ఆంధ్రప్రదేశ్‌లో సగటు 0.94 హెక్టార్లు, తెలంగాణలో సరిగ్గా ఒక హెక్టారు. దేశంలోని కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్ల లోపువే. తాత పేరు మీద ఉన్న పది ఎకరాలు తండ్రి తరానికి ఐదు, మనవడి తరానికి రెండున్నర అయిన కథ తెలుగు పల్లెల్లో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

ఆ పొలం ఇచ్చేది ఎంతో 2018-19లో జాతీయ నమూనా సర్వే లెక్క తీసింది. వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 3,798 రూపాయలు. కూలి, జీతాల మీద వచ్చింది 4,063 రూపాయలు. అంటే మనం రైతు కుటుంబం అని పిలిచే ఇల్లు పంట మీద కంటే కూలి మీద ఎక్కువ సంపాదిస్తోంది. పంట ఆదాయాన్ని రోజుకు పంచితే ఇంటి మొత్తానికి 130 రూపాయలు కూడా కాదు. ఈ ఒక్క అంకె తెలిస్తే రైతు తన పిల్లల్ని సేద్యంలోకి రావద్దని ఎందుకు చెబుతాడో వేరే వివరించనక్కర్లేదు.

అదే సర్వేలో తెలుగువాళ్లు తప్పక చూడాల్సిన అంకెలు ఇంకొన్ని ఉన్నాయి. దేశంలో సగం వ్యవసాయ కుటుంబాలకు అప్పు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం కుటుంబాలకు, తెలంగాణలో 92 శాతం కుటుంబాలకు ఉంది. సగటు అప్పు దేశంలో 74 వేలు, తెలంగాణలో లక్షా 52 వేలు, ఆంధ్రలో రెండు లక్షల 45 వేలు. బ్యాంకు రుణాలు ఇక్కడ ఎక్కువమందికి అందడం ఇందుకు ఒక కారణమే, కాదనలేం. అసలు కారణం పెట్టుబడి. మిర్చికి ఎకరాకు లక్షకు పైగా ఖర్చవుతుంది. నారు, మందులు, కూలీలు, కోత, చివర్లో కోల్డ్ స్టోరేజీ అద్దె వరకు అన్నీ డబ్బుతోనే. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న హామీ ఎవరూ ఇవ్వరు, బోరుకు తెచ్చిన అప్పు మాత్రం వడ్డీతో సహా నిలబడుతుంది. మార్కెట్ కోసం పంట పండించే రైతు దుకాణం నడిపే వ్యాపారిలా పెట్టుబడి పెడతాడు. కానీ తన సరుకుకు ధర చెప్పే అవకాశం అతనికి లేదు.

ఆ ధర దగ్గరే మిగతా దేశానికీ రైతుకూ ఉన్న అసలు ముడి పడి ఉంది. కొత్త సర్వేల ప్రకారం పల్లె కుటుంబం ఖర్చులో 47 శాతం, పట్నం కుటుంబం ఖర్చులో దాదాపు 40 శాతం తిండికే పోతుంది. 2012ను ఆధారంగా తీసుకున్న వినియోగదారుల ధరల సూచీలో ఆహార పదార్థాలు, పానీయాల బరువు 45.86 శాతం. ఇంత బరువు ఉన్నప్పుడు టమాటా ఒక్కటి చాలు దేశాన్ని కదిలించడానికి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్ యార్డు ధరలు జాతీయ వార్తలయ్యాయి, ఆ నెల ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగబాకింది. రిజర్వ్ బ్యాంకు 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్ల పాటు రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 శాతం దగ్గర పట్టి ఉంచడానికి చెప్పిన కారణాల్లో ఆహార ధరలు ముందున్నాయి. విశాఖలో ఇంటి లోను కట్టే ఉద్యోగి ఈఎంఐ ఆ రెండేళ్లూ తగ్గకపోవడానికీ, అన్నమయ్య జిల్లాలో వానకు తడిసిపోయిన టమాటా తోటకూ సంబంధం ఉంది. దేశ ఆదాయంలో 18 శాతం అనే అంకెలో ఈ సంబంధం ఎక్కడా కనపడదు.

తిండి చౌకగా ఉంటే కూలి రేట్లు అదుపులో ఉంటాయి, ఫ్యాక్టరీలకు ఖర్చు తగ్గుతుంది, ప్రభుత్వాలు నిలబడతాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఇంటి లెక్కనే మార్చేసింది. ఆ ఆలోచనే 2013లో ఆహార భద్రత చట్టమై, ఇప్పుడు దేశంలో సుమారు 80 కోట్ల మందికి నెలకు మనిషికి ఐదు కిలోల ధాన్యం ఉచితంగా అందుతోంది. ఆకలి మీద ఇంత పెద్ద ఏర్పాటు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. కానీ చౌక తిండి భారాన్ని ఎవరు మోయాలి అన్న ప్రశ్న ఉంది. రేషన్ బియ్యం ఖర్చు ఖజానా భరిస్తోంది. ఇది సరైన పద్ధతి. బహిరంగ మార్కెట్‌లో ధర అదుపు చేయడానికి వేసే బంధనాల ఖర్చు మాత్రం రైతు మీద పడుతోంది. 2022 మేలో గోధుమ ఎగుమతులు ఆపేశారు. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. అప్పటికి ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే. ఆ ఏడాది ఆగస్టులో ఉల్లి మీద 40 శాతం ఎగుమతి సుంకం వేశారు, డిసెంబరులో పూర్తిగా నిషేధించారు. ప్రతిసారీ కారణం చెప్పారు, ఆ కారణాల్లో నిజమూ ఉంది. అయితే ఏళ్ల తరబడి నష్టాలు భరించిన రైతు నాలుగు డబ్బులు కళ్లజూసే సీజన్ వచ్చేసరికి తలుపు మూసుకుపోతోంది.

ధర పడిపోయినప్పుడు అదే వేగం కనపడదు. 2023 జూలైలో టమాటా కోసం కేంద్రం రాయితీ అమ్మకాలు మొదలుపెట్టింది. సెప్టెంబరుకల్లా ధర నేలకు పడింది, రైతులు టమాటాలను రోడ్డు పక్కన పారబోశారు, అప్పుడు ఢిల్లీ నుంచి కదలిక లేదు. గుంటూరు మిర్చి యార్డులో క్వింటాలు 20 వేలు పలికిన సీజన్లు చూసిన రైతు 2025లో సగం ధర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. రైతు పెట్టుబడికి ఆ ధర ఎంతవరకు సరిపోతుందన్న గొడవ పక్కన పెడితే, మిర్చికి అసలు మద్దతు ధరే లేదన్నది ఇక్కడి విషయం. పసుపుకూ లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించేది 20కి పైగా పంటలకు, నిజంగా పెద్ద ఎత్తున కొనేది వరి, గోధుమ. మద్దతు ధరకు ప్రభుత్వ సంస్థలకు అమ్ముకోగలిగిన రైతులు దేశంలో ఆరు శాతమేనని 2015లో కేంద్రం వేసిన శాంతకుమార్ కమిటీ చెప్పింది.

వరి, గోధుమల మీద ఈ ప్రేమ ఎందుకు వచ్చిందో తెలియాలంటే 1960ల దగ్గరికి వెళ్లాలి. అప్పుడు అమెరికా ఓడల్లో గోధుమలు వస్తేనే దేశానికి తిండి. 1965-67 కరవుల్లో ఆ ఓడల రాక ఆలస్యమైతే ఢిల్లీలో టెన్షన్ మొదలయ్యేది. 1965లో ధాన్యం కొని నిల్వ చేసే భారత ఆహార సంస్థనూ, పంటలకు ధర సూచించే ధరల కమిషన్‌నూ పెట్టారు. 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం తెచ్చారు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కొత్త విత్తనం, నీరు, ఎరువు, ఖాయమైన కొనుగోలు అనే నాలుగూ కలిసి తిండిగింజల ఉత్పత్తిని 1950-51లోని 5 కోట్ల టన్నుల నుంచి 2023-24 నాటికి 33 కోట్ల టన్నులకు చేర్చాయి. పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా పాకింది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి దేశమంతా తినే సన్నబియ్యమైంది. ఒక చిన్న ఊళ్లోని పరిశోధన కేంద్రం కోట్ల మంది కంచాల్ని నింపగలదని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయినా వ్యవసాయ పరిశోధనకు దేశం పెడుతున్నది సేద్యపు ఆదాయంలో అర శాతం లోపే. ఒక్క ఎరువుల రాయితీకే ఏటా లక్షన్నర కోట్లకు పైగా పోతోంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయలకు దొరికితే ఎవరైనా యూరియానే ఎక్కువ చల్లుతారు. ఆ తప్పు రైతుది కాదు, ధర పెట్టినవాళ్లది.

ఆనాటి కొరతకు చేసిన వైద్యం ఈనాడు మిగులు రోగమైంది. తెలంగాణ యాసంగి (రబీ) వరి దీనికి దగ్గరి ఉదాహరణ. చెరువులు బాగుపడ్డాయి, ఎత్తిపోతలు వచ్చాయి, 2018 జనవరి నుంచి బోర్లకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. నీళ్లున్న రైతు వరి కాక ఇంకేం వేస్తాడు? ఊరి పక్కనే కొనుగోలు కేంద్రం ఉండే పంట అదొక్కటే. ఎండాకాలంలో కోతకొచ్చే యాసంగి ధాన్యాన్ని పచ్చి బియ్యంగా ఆడిస్తే వేడికి గింజ విరిగి నూక ఎక్కువవుతుంది, అందుకే ఉప్పుడు బియ్యం చేస్తారు. 2021-22లో ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం అనడంతో రాష్ట్రానికీ ఢిల్లీకీ మధ్య పెద్ద గొడవే నడిచింది. రెండు ప్రభుత్వాలూ పంతం పట్టాయి, మధ్యలో వడ్లు కల్లాల్లో, రోడ్ల మీద కుప్పలుగా పడి అకాల వానలకు తడిసి మొలకలెత్తాయి. ఇంత వరి పండిస్తున్న దేశమే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి తెచ్చుకుంటోంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, కందులు మయన్మార్, మొజాంబిక్‌ల నుంచి వస్తున్నాయి. కంది, నువ్వులు, వేరుశనగ వేయమని రైతుకు చెప్పడం తేలిక. వరికి ఉన్నట్టే వాటికీ కొనేవాడు ఉంటాడని హామీ ఇస్తేనే ఆ మాటకు విలువ.

ప్రభుత్వ కొనుగోలు లేకుండానే ఎదిగినవి కూడా ఉన్నాయి. పాడి, కోళ్లు, చేపలు. పశు సంపద వాటా ఇప్పుడు వ్యవసాయ రంగంలో దాదాపు 30 శాతం. 1970లో మొదలైన పాల విప్లవం వల్ల 1998 నుంచి పాల ఉత్పత్తిలో మనదే ప్రపంచంలో మొదటి స్థానం, 2023-24లో సుమారు 24 కోట్ల టన్నులు. గేదె రోజూ రెండు పూటలా డబ్బు ఇస్తుంది, పంట ఆరు నెలలకు గానీ ఇవ్వదు. రెండెకరాల ఇంటికి ఈ తేడా చాలా పెద్దది. రొయ్యల దారి వేరు. 2009లో వనామి రకం వచ్చాక గోదావరి, కృష్ణా, నెల్లూరు తీరమంతా చెరువులైంది, దేశ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువలో మూడో వంతు ఆంధ్రదే అయింది. కానీ కొనేవాళ్లలో పెద్దది అమెరికా. 2025 ఆగస్టులో అక్కడ సుంకాలు 50 శాతానికి పెంచగానే భీమవరం చెరువు గట్ల మీద కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు పడిపోయాయి. ఊరి యార్డు మీద ఆధారపడినా, విదేశీ మార్కెట్ మీద ఆధారపడినా ధర చెప్పేది ఎప్పుడూ అవతలివాడే.

ఇక సాయం సంగతి. ధర సరిచేయడం కష్టమైనప్పుడు నేరుగా డబ్బు ఇవ్వడం మంచిదన్న ఆలోచన 2018 మేలో తెలంగాణ రైతుబంధుతో మొదలైంది, ఎకరాకు సీజనుకు నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు. మరుసటి ఏడాది కేంద్రం పీఎం కిసాన్ పేరుతో ఏటా ఆరు వేలు ఇవ్వడం మొదలుపెట్టింది. దళారీ లేకుండా డబ్బు ఖాతాలో పడటం నిజంగా పెద్ద మార్పు. అయితే ఆ డబ్బు పాసు పుస్తకాన్ని చూసి వస్తుంది, నాగలి పట్టిన చేతిని చూసి కాదు. హైదరాబాద్‌లో స్థిరపడిన యజమానికి రైతుబంధు అందింది. ఆ భూమిని దున్నుతున్న కౌలు రైతుకు అందలేదు.

గోదావరి డెల్టాలో మాగాణిలో ఎక్కువ భాగం కౌలు మీదే సాగవుతోంది. కౌలు బస్తాల లెక్కన ముందే ఖాయమవుతుంది, తుపాను వచ్చినా దోమపోటు వచ్చినా ఆ బస్తాలు తగ్గడం అరుదు. పంట రుణం యజమాని పేరు మీద ఉంటుంది, కాబట్టి కౌలు రైతు ప్రైవేటు వడ్డీకి వెళ్తాడు. పంట నష్టం లెక్క రాసేటప్పుడు, కొనుగోలు కేంద్రంలో వడ్లు తూచేటప్పుడు కూడా యజమాని పేరే అడ్డొస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం తెచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. కార్డు కావాలంటే యజమాని ఒప్పుకొని సంతకం పెట్టాలన్నది ఆ చట్టంలో షరతు. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. సంతకం అడిగితే వచ్చే ఏడు కౌలు ఇంకొకరికి పోతుందని రైతు అడగడు.

ఆడవాళ్ల సంగతి ఇంతకంటే మరుగున ఉంది. పల్లెల్లో పనిచేసే మహిళల్లో నూటికి 77 మంది సేద్యంలోనే ఉన్నారు. నాట్లు, కలుపు, మిర్చి కోత, పత్తి తీత, గేదెల పని వాళ్ల చేతుల మీదే నడుస్తాయి. 2015-16 గణనలో మహిళల చేతుల్లో ఉన్న కమతాలు 14 శాతం. మగవాళ్లు పట్నం పనులకు వెళ్లేకొద్దీ పొలం బాధ్యత ఆడవాళ్ల మీదికి వస్తోంది, కాగితం మాత్రం రావడం లేదు. భర్త అప్పులతో చనిపోయిన ఇంట్లో పొలం చేస్తున్న భార్య పేరు సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు అడంగల్‌లో లేకపోతే బ్యాంకు ఆమెను రైతుగా గుర్తించదు. అప్పు ఇచ్చినవాడు మాత్రం బాకీ కోసం నేరుగా ఆమె గుమ్మం ముందుకే వస్తాడు.